బీట వారని గుంట

పంచదార డబ్బాలో తడి చెంచా ఎవరు పెట్టారన్నది పొద్దున్నే తేలి తీరాల్సినంత విషయమేమీ కాదు. అయినా ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లూ తేల్చుకునే దాకా కదిలేది లేదన్నట్టు పొయ్యికి చెరోపక్క నిలబడ్డారు.

"నేను పెట్టలేదక్కా. నేను టీలో పంచదార మానేసి ఎన్నాళ్లయిందో నీకు తెలియదా?" అంది చిన్నకోడలు.

"నువ్వు మానేశావు. మీ ఆయనకు కలపడం మానలేదుగా. చూడు, ఎలా గడ్డ కట్టిందో. పొడి చెంచా పక్కనే వేలాడుతోంది కూడాను."

"చిటికెడు గడ్డకి ఇంత రాద్ధాంతమా?"

"గడ్డ గురించి కాదమ్మాయ్. చెప్పిన మాట గురించి."

"ఇది ఇల్లక్కా, నీ ల్యాబ్ కాదు. ఇక్కడ చెంచాలకి కూడా పరీక్షలు పెడితే మేమంతా ఫెయిలే."

గుమ్మం దగ్గర పీట వేసుకుని కూరగాయలు తరుగుతున్న అత్తగారు తలెత్తకుండానే అందుకుంది. "ఆ డబ్బా తెచ్చి నా నెత్తిన బోర్లించండే. చీమలు నన్ను మోసుకుపోతాయి. తర్వాత మీరిద్దరూ చెరో చెంచా పట్టుకుని ఇల్లేలుకోవచ్చు."

మామూలుగా అయితే ఆ మాటకు ఇద్దరూ నవ్వేసేవారు. ఈసారి చిన్నకోడలు నవ్వలేదు. "ఎన్నాళ్లులెండి అత్తయ్యా! కంపెనీ ఇల్లు చేతికొస్తే మా పంచదార మా డబ్బాలో, మా గడ్డలు మా ఇంట్లో. ఎవరికీ కళ్లు నొప్పులుండవు," అని టీ గ్లాసు పట్టుకుని మొగుడి గదిలోకి వెళ్లిపోయింది.

పెద్దకోడలు గడ్డను చెంచా కొసతో నలిపి, డబ్బా మూత బిగించింది. అన్నది తప్పు కాదు. కానీ అన్నప్పుడు గొంతులో ఉన్న కరుకుదనం తనకే వినిపించింది. మరిదికి కొత్త పదవి, దానితోపాటు విడిగా ఇల్లు వస్తున్నాయని తెలిసిన దగ్గరనుంచీ ఇంట్లో ప్రతి చిన్న మాటకూ తోక మొలుస్తోంది. పెద్దకోడలికి కన్నుకుట్టిందని చుట్టాల్లో ఒకామె అననే అంది. ఎవరి చెవిన పడాలో వాళ్ల చెవిన పడేటట్టుగానే అంది.

పెద్దకోడలు పనిచేసేది, కొండలు తొలిచే యంత్రాలకు పళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో. పళ్లంటే చిటికెనవేలి కొసంత ముక్కలు. యంత్రం మొనకు ఉక్కు తల ఉంటుంది, ఆ తలనిండా ఈ పళ్లు పొదుగుతారు. రాయిని కొరికేది అవే. వాటి పరీక్షల గది ఆమె చేతిలో ఉంది. మరిది అదే ఫ్యాక్టరీలో పరిశోధన విభాగంలో ఉన్నాడు. ఖాళీ ఉందని చెప్పి అతనిచేత దరఖాస్తు పెట్టించింది కూడా ఆమే.

ఆ పళ్లలో ఉండేవి రెండు సరుకులు. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే సిరామిక్ గింజలు, వాటిని పట్టి ఉంచే కోబాల్ట్ లోహం. సిరామిక్ గట్టిదనాన్నిస్తుంది. లోహం దెబ్బను తట్టుకునే గుణాన్నిస్తుంది. ల్యాబ్‌లో అందరూ దాన్ని టఫ్‌నెస్ అంటారు గానీ, పెద్దకోడలు మనసులో మాత్రం దానికి ఓర్పు అనే పేరుంది. గట్టిదనం పెంచబోతే ఓర్పు తగ్గుతుంది, ఓర్పు పెంచబోతే గట్టిదనం తగ్గుతుంది. అవ్వా బువ్వా రెండూ దొరకవని ఈ పనిలోకి వచ్చిన ప్రతివాడికీ మొదట్లోనే తెలిసిపోతుంది.

మరిది రెండూ తెచ్చాడు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేనంత సన్నటి గింజలు తయారుచేశాడు. కొలిమిలో వేడికి అవి ఒకదాన్నొకటి మింగి పెద్దవైపోకుండా కాపలా కాశాడు. నానో అని ఫ్యాక్టరీలో అందరి నోటా అదే మాట. గట్టిదనం పాత రకం కంటే బాగా పెరిగింది. ఓర్పూ తగ్గలేదు సరికదా, పెరిగినట్టే కనిపించింది. డైరెక్టరుగారు మురిసిపోయి, ఆ పళ్లకోసం కొత్త విభాగం పెడుతున్నామనీ, దానికి పెద్ద అతనేననీ ప్రకటించేశారు. మొదటి విడత పళ్లు ఉక్కు తలల్లో పొదిగి సిద్ధంగా ఉన్నాయి. మర్నాడు బండిలో సొరంగం తవ్వుతున్న కొండ దగ్గరికి వెళ్తాయి.

ఓర్పు కొలవడానికో పద్ధతుంది. ముక్కను వజ్రపు పొడి పొదిగిన సానచక్రం మీద అరగదీసి, తర్వాత గుడ్డచక్రం మీద నునుపు పట్టిస్తారు. ఆ నున్నటి ముఖం మీద వజ్రపు మొనతో బలంగా నొక్కితే నాలుగు పలకల గుంట పడుతుంది. గుంట ఎంత చిన్నదైతే అంత గట్టి సరుకు. గుంట నాలుగు మూలలనుంచీ సన్నటి బీటలు వారతాయి. అవి ఎంత పొట్టివైతే సరుకుకు అంత ఓర్పు. మరిది ముక్కల మీద పడ్డ గుంటలకు బీటలు దాదాపు లేనే లేవు. ఆ కొలతలు తీసింది పెద్దకోడలు.

ఆ ఉదయం ఆమె ఈ మొన నొక్కే మెషీను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఏదో ఒక ముక్క కోసం వెతికింది. ఎప్పుడూ వాడేది చేతికి దొరకలేదు. బల్ల మీద ఒక ముక్క ఉంది. మరిది సరుకులో గింజలు ఎంత సన్నగా ఉన్నాయో చూపించడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఫోటో తీయించుకొచ్చిన ముక్క అది. అలాంటి ఫోటోకి మామూలు నునుపు చాలదు. అద్దంలా మెరిసేదాకా గుడ్డచక్రం మీద చాలాసేపు పట్టిస్తారు. ఆ ముక్కనే మెషీనులో బిగించి మొన నొక్కింది.

మెషీనుకున్న భూతద్దంలోంచి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

గుంట నాలుగు మూలలనుంచీ నాలుగు బీటలు పొడుగ్గా, నిటారుగా సాగి ఉన్నాయి.

ముక్కకు ఎక్కడో దెబ్బ తగిలిందనుకుంది. ఇంకోచోట నొక్కింది. అంతే. బీరువాలోంచి ఇదివరకు కొలిచిన మరిది ముక్కలు తీసి, వాటినీ అలాగే చాలాసేపు నునుపు పట్టించి నొక్కింది. ఒక్కదానికీ తేడా రాలేదు. పాలిష్‌కి ముందు బీట లేని గుంట ఉన్న ముక్క మీదే, పాలిష్ తర్వాత బీటలు నోరు తెరిచాయి.

 కాసేపటికి సంగతి అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది.

సానచక్రం ముక్కను అరగదీసేటప్పుడు ఊరికే అరగదీయదు, పైపొరను నలిపి నొక్కి బిగించేస్తుంది. ఆ బిగువు బీటలను తెరుచుకోనివ్వదు. అందుకే నునుపు పట్టేటప్పుడు ఆ పొరంతా పోయేదాకా పట్టాలి. పాత రకానికి ఎంతసేపు పడితే పొర పోతుందో ఒకప్పుడు జాగ్రత్తగా చూసి నియమం రాసి గోడకు అంటించింది ఆమే. కొత్త రకం రాగానే ఆ నియమమే దీనికీ పెట్టింది. కానీ ఇది పాతదానికంటే గట్టిది. గట్టిది కనుక అంతసేపట్లో తక్కువ అరిగింది. పొర పోలేదు. ఇన్నాళ్లూ తను కొలిచింది మరిది చేసిన సరుకు ఓర్పు కాదు, సానచక్రం పైపొరకు తెచ్చిన బిగువు.

గట్టిదని అందరికంటే ముందు కొలిచి చెప్పిన మనిషే, గట్టిది ఆలస్యంగా అరుగుతుందన్న ముక్క మరిచిపోయింది!

కొలిమి గదిలోంచి మరిదిని పిలుచుకొచ్చింది.

"ఏంటి వదినా, మొహం అలా ఉంది? పొద్దున గొడవ మనసులో పెట్టుకున్నావా? నీ తోడికోడలి నోటికి తాళం వేయడం నా వల్ల కాదు. తాళంచెవి దాని దగ్గరే ఉంది," అని నవ్వబోయాడు.

"ఒకసారి ఇందులో చూడు."

చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు. "ఇది ఎవరి సరుకు?"

"నీదే."

"ఎక్కడో కింద పడేసుంటారు."

"నేనూ అలాగే అనుకున్నాను. పాత ముక్కలన్నీ మళ్లీ నునుపు పట్టించి చూశాను. అన్నీ ఇంతే."

ఆమె చెబుతుంటే సగంలోనే అతనికి తెలిసిపోయింది. చదువుకున్నవాడు, పనితెలిసినవాడు. గోడకు అంటించిన నియమం వైపు చూసి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"అంటే ఇన్నాళ్లూ మనం పొంగిపోయిందంతా పైపొర చూసేనా?"

"ఆ పైపొర కూడా నీది కాదబ్బాయ్. సానచక్రానిది. గట్టిదనం మాత్రం నిజమే, అది నీ కష్టమే. తప్పు నాది. నేను తీసిన కొలతది."

 పక్కగదిలో గుడ్డచక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకు ఒకసారి అనుమానం వచ్చింది వదినా," అన్నాడు నెమ్మదిగా. "మొదట్లోనే. గుంటకి ఒక్క బీటైనా లేకపోవడం ఎలా అని. లెక్కకి అందలేదు."

"మరి అడగలేదేం?"

"కొలిచింది నువ్వు కదా! నువ్వు కొలిస్తే తప్పుండదని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. అదీగాక..." ఆగాడు. "అదీగాక, నిజమైతే బాగుండునని ఉండింది."

ఆ మాటకు ఆమెకు కోపం రాలేదు. తనకూ అలాగే ఉండింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు అలాంటి సరుకు తెచ్చుంటే నాలుగు రకాలుగా నొక్కి చూసేది. మరిది తెచ్చాడు కనుక ఒక్క రకంగా నొక్కి ఊరుకుంది.

"రేపు ఆ బండి వెళ్లకూడదు," అంది.

అతను గబుక్కున తల తిప్పాడు. "ఆగు వదినా. తొందరపడకు. అక్కడికి వెళ్లేది ట్రయల్‌కే కదా? బాగుందో లేదో కొండ దగ్గరే తేలుతుంది. తేలితే అప్పుడు చూసుకుందాం. ఈలోగా నువ్వు నియమం మార్చెయ్, వచ్చే విడతనుంచి సరిగ్గా కొలుద్దాం. పాతవాటి సంగతి ఎవరూ అడగరు."

"కొండ దగ్గర తేలడమంటే ఏంటి? పన్ను విరిగితేనే కదా తేలేది."

"విరిగితే విరుగుతుంది. పళ్లు విరగవా ఎప్పుడూ?"

"విరుగుతాయి. విరుగుతాయని తెలిసినప్పుడు వాడే బలం వేరు. ఇవి విరగవని మనం చెప్పాం కనుక రెట్టింపు బలం పెడతారు. ఆ బలానికి విరిగిన ముక్క ఎగిరితే?"

ఇంతకుముందొకసారి పళ్ల మీద ఫిర్యాదు వస్తే ఆమె సొరంగానికి వెళ్లింది. లోపల దుమ్ము, నీళ్లు, చెవులు దిమ్మెక్కే మోత. యంత్రం తోలే మనిషి మీట పట్టుకుని రాతిగోడకు ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఎవరో చుట్టమొస్తే గుమ్మంలో నిలబడినంత దగ్గరగా. అతని చెంప మీద పాత గాటు ఉంది. ఎలా తగిలిందని అడిగితే, "పన్ను కరిచిందమ్మా," అని నవ్వాడు.

"వదినా," అన్నాడు మరిది.  "అది కర్టెన్లు కూడా కొనేసింది. వాళ్ల పుట్టింట్లో అందరికీ చెప్పేసింది. ఇప్పుడు నువ్వెళ్లి ఈ మాట చెబితే ఏమనుకుంటారో ఆలోచించావా? నేనేమీ అనుకోను. మిగతావాళ్లు? తోడికోడలికి విడిగా ఇల్లొస్తోందని ఓర్వలేక చేసిందంటారు. నేను కాదన్నా నమ్మరు."

"తెలుసు."

"ట్రయల్ అయ్యేదాకా ఆగు. నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు."

 అతను వెళ్లాక మెషీను మీద గుడ్డ కప్పి, కప్పిన గుడ్డ మళ్లీ సర్ది, ఆనక మళ్లీ సర్దింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో నేలంతా కర్టెన్ గుడ్డ పరిచి ఉంది. చిన్నకోడలు మోకాళ్ల మీద కూర్చుని అంచులు మడుస్తోంది. పెద్దకోడలు చెప్పులు విప్పుతుండగానే లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

"అక్కా, పొద్దున నోరు జారాను. నువ్వేమీ అనుకోకు."

"నేనూ అన్నాన్లే."

"నువ్వంటే పెద్దదానివి, అంటావు. అది కాదుగానీ, ఈ రంగు చూడు. ఇది హాల్లోకి. కిటికీలోంచి ఎండ పడితే వెలిసిపోతుందంటావా? నువ్వైతే కరెక్టుగా చెబుతావు. దుకాణంవాడు వెలవదని ఒట్టేస్తాడు. వాడి ఒట్టు వాడి సరుకులాంటిదే."

పెద్దకోడలు గుడ్డ కొస చేతిలోకి తీసుకుంది. పడమటి కిటికీకైతే వెలుస్తుందని తెలుస్తూనే ఉంది. "బాగుంది," అంది. నోట్లోంచి అబద్ధం అంత సుళువుగా వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది. గుడ్డ విషయంలో అయితే సరే, ఎవరి చెంపా చిరగదు.

పెరట్లో బట్టలు తీస్తుంటే భర్త వచ్చాడు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. క్లాసులో గొంతు చించుకుని, ఇంటికొచ్చి మౌనవ్రతం పట్టే మనిషి. సంగతంతా ఆమె చెబుతుంటే ఒక్కో క్లిప్పూ తీసి బుట్టలో వేస్తూ విన్నాడు.

"పూర్తిగా తెలిసినట్టేనా? ఇంకోసారి చూడాల్సిందేమైనా ఉందా?"

"లేదు."

"వాడికి చెప్పావు. అంటే నీ బాధ్యత అయిపోయినట్టే కదా? చెప్పాల్సింది వాడు."

"కొలిచింది నేనండీ."

"నీ ఉద్యోగానికీ ఎసరొస్తుంది."

"రావచ్చు."

"అమ్మ తట్టుకోలేదోయ్. రెండు పొయ్యిలైనా ఫరవాలేదు, రెండు ముక్కలు కాకూడదు అంటుంది ఎప్పుడూ." క్లిప్పుల బుట్ట ఆమె చేతికిచ్చాడు. "వాడు చిన్నప్పుడు నా వేలు పట్టుకునే నడిచాడు. నన్ను అడిగితే ఆగమనే అంటాను. అందుకే నన్ను అడగకు."

ఆ మాట నిజాయితీగానే అన్నాడు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది. ఆగమంటే పోట్లాడేది, వెళ్లమంటే ధైర్యం తెచ్చుకునేది. ఇదేమో కక్కలేక మింగలేక ఉండేవాళ్లను ఇంకాసేపు అలాగే ఉండమన్నట్టుంది.

బట్టలు మడతపెడుతూ ఒక్కదే కూర్చుంది. అనుకున్న కొద్దీ ఆగడానికి కారణాలు దొరుకుతూనే ఉన్నాయి. ఒకటి కొట్టేస్తే ఇంకొకటి. అన్ని కారణాలూ బాగానే ఉన్నాయి, అన్నీ ఇంట్లోవే. కొండ దగ్గరినుంచి ఒక్కటీ రాలేదు. అక్కడి మనిషి తన తరఫున మాట్లాడటానికి ఈ గదిలో లేడు కనుక రాలేదంతే.

భోజనాలకు అందరూ కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తోంది. ఆ ఇంట్లో గరిటె ఇప్పటికీ ఆవిడదే. కోడళ్లు వండొచ్చు, తరగొచ్చు, తగువాడుకోవచ్చు, వడ్డన మాత్రం ఆవిడ చేతి మీదుగానే జరగాలి.

"ఏరా చిన్నోడా, కూర అలాగే ఉంది? పెద్ద పదవి వచ్చేసరికి అమ్మ వంట ఆనడం లేదా?"

"ఆకలి లేదమ్మా."

"నాకు తెలుసు అత్తయ్యా, భయం," అంది చిన్నకోడలు. "రేపు బండి బయల్దేరుతుందిగా. పొద్దుట్నుంచీ పెళ్లికొడుకులా ఒకచోట కూర్చోడు, ఒకచోట నిలబడడు. ఏమండీ, బండి వెళ్లాక డైరెక్టరుగారు ఇంటి తాళాలు ఇస్తానన్నారు కదా? ఈ వారమే సామాను సర్దేద్దామా?"

అతను కంచంలో ముద్ద అటూ ఇటూ దొర్లించాడు.

"అడుగుతుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటావేంరా?" అంది తల్లి. "బండి రేపేనా, కాదా?"

అతను తల ఎత్తి తల్లి వైపు చూడలేదు, పెళ్లాం వైపు చూడలేదు. తిన్నగా ఎదురుగా చూశాడు. "వదిన్ని అడుగు."

గరిటె గిన్నె మీద ఆగింది. చిన్నకోడలు నవ్వు మొహంతోనే ఇటు తిరిగింది, ఇందులోనూ ఏదో హాస్యముందన్నట్టు. పెద్దకోడలి భర్త మంచినీళ్ల గ్లాసు అందుకుని తాగకుండా పట్టుకున్నాడు. అతను తన వంక చూస్తాడేమోనని పెద్దకోడలు ఒక్క క్షణం ఎదురుచూసింది. చూడలేదు.

"బండి రేపు కదలదు," అంది.

"అదేంటక్కా?"

"కదలనివ్వను. ఆ పళ్లు దెబ్బకు తట్టుకుంటాయని కొలిచి చెప్పింది నేను. తప్పు కొలిచాను. ఇవాళ తెలిసింది. అవి పగిలే పళ్లు. కొండ దగ్గర ఎవరి మొహం మీదికైనా ఎగరొచ్చు. పొద్దున్నే డైరెక్టరుగారి దగ్గరకెళ్లి ఆ మాటే చెబుతాను."

"తప్పు కొలిచావా?" చిన్నకోడలి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా దిగలేదు. "నువ్వా? కావాలని అంటున్నావా ఏంటి?" ఆ తర్వాత దిగింది. "మా ఇల్లు?"

"ఇల్లు ఉండకపోవచ్చు. కొత్త విభాగం కూడా ఉండకపోవచ్చు. నా కుర్చీ ఉంటుందో లేదో నాకు తెలియదు."

"ఏమండీ, మీరేం మాట్లాడరేం? మీకు ముందే తెలుసా?"

మరిది కంచం వెనక్కి జరిపాడు. అత్తగారు గరిటె గిన్నెలో వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసింది. 

"ఓర్వలేక చేశానని అనుకునేవాళ్లు అనుకోండి," అంది పెద్దకోడలు.   "నేను కాదని రుజువు చేసుకోలేను, దానికి మెషీను లేదు. అబ్బాయ్, ఫ్యాక్టరీ తలుపులు తెరిచేసరికి నేను అక్కడుంటాను. నువ్వూ వస్తే ఇద్దరం కలిసి చెబుదాం. రాకపోతే నేనొక్కదాన్నే చెబుతాను."